రక్తనాళం లోపలి నుంచి రక్తస్రావాన్ని ఆపడం: బెలూన్ ఎప్పుడు, కాయిల్ ఎప్పుడు, స్టెంట్ ఎప్పుడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అత్యవసర విభాగానికి ప్రమాద బాధితులు ఎక్కువగా వస్తారు. కడుపులోనో, కటి ఎముకల దగ్గరో రక్తం పోతూ బీపీ పడిపోయినవారిని ఆపరేషన్ గది దాకా చేర్చడమే గగనమవుతోంది. బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం మోసే ప్రధాన ధమనిలో, పెట్టి ఉబ్బించే బెలూన్ క్యాథెటర్ (బెలూన్ ఉన్న సన్నని గొట్టం) కొందామని యాజమాన్యం అంటోంది. అది నిజంగా ప్రాణం కాపాడుతుందా, కాయిల్స్, స్టెంట్ల కంటే మేలా, కొనాలా వద్దా?

నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని. రక్తనాళాల్లోకి క్యాథెటర్ పంపి రక్తస్రావం ఆపడమే నా వృత్తి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెలూన్ రక్తస్రావానికి చికిత్స కాదు. చికిత్స మొదలయ్యేదాకా మనిషిని నిలబెట్టే సాధనం మాత్రమే. ఆ చికిత్స చేయగలవారు అదే భవనంలో, ఆ క్షణంలో సిద్ధంగా లేకపోతే బెలూన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. కాయిల్స్ (నాళాన్ని మూసే లోహపు తీగచుట్టలు), స్టెంట్లు (నాళం లోపల అమర్చే జాలీ గొట్టాలు) వేరే జాతి పరికరాలు. అవి చిల్లు పడ్డ చోటికే వెళ్లి దాన్ని మూస్తాయి. కాబట్టి ఏది మేలు అన్న పోలిక అసలు కుదరదు.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి పంపేది కూడా దాదాపు అంతే. అందులో 30 శాతం పోయేసరికి బీపీ పడిపోవడం మొదలవుతుంది. 40 శాతం దాటితే ఇక ప్రతి నిమిషమూ లెక్కే. చేయో కాలో తెగితే గట్టిగా అదిమి పట్టవచ్చు, టూర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించవచ్చు. కాలేయం చీలినా, ప్లీహం పగిలినా, కటి వలయం విరిగినా బయటి నుంచి అదమడానికి చోటే ఉండదు. అలాంటప్పుడు పాత పద్ధతి ఒకటే: ఎడమవైపు ఛాతీ తెరిచి, బృహద్ధమనికి క్లాంప్ వేసి, కిందికి పోయే రక్తాన్ని ఆపడం. బెలూన్ అదే పనిని గజ్జలో పెట్టిన చిన్న రంధ్రం గుండా చేస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కొరియా యుద్ధకాలంలో అమెరికా సైనిక సర్జన్ కార్ల్ హ్యూస్ కడుపులో రక్తస్రావమవుతున్న సైనికుల బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించి చూశారు. ఆ అనుభవాన్ని 1954లో ప్రచురించారు. అప్పటికే చావుబతుకుల మధ్య ఉన్న ఆ సైనికులు దక్కలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాని జోలికి వెళ్లినవారు తక్కువ. 1990లో సర్జన్ హువాన్ పరోడి బ్యూనస్ ఐరిస్‌లో ఉబ్బిన బృహద్ధమనికి లోపలి నుంచే స్టెంట్ గ్రాఫ్ట్ (గుడ్డ పొర ఉన్న స్టెంట్) వేసి చూపించాక, బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించడం వాస్క్యులర్ సర్జన్లకు క్రమంగా రోజువారీ పని అయింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో పనిచేసిన సైనిక వైద్యులు దాన్ని ప్రమాద బాధితుల కోసం మళ్లీ బయటికి తీశారు. ఈ పనికే ప్రత్యేకంగా తయారైన 7 ఫ్రెంచ్ క్యాథెటర్‌కు 2015లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఫ్రెంచ్ అనేది గొట్టాల మందానికి కొలత, 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటరు. అంతకుముందు వాడిన బెలూన్లకు 12 ఫ్రెంచ్, ఇంకా లావు షీత్‌లు (క్యాథెటర్ లోపలికి పోవడానికి ధమనిలో పెట్టే దారి గొట్టాలు) కావలసి వచ్చేవి. వాటిని తీసేటప్పుడు ధమనికి కుట్లు వేయక తప్పేది కాదు. ఇప్పుడు 4 ఫ్రెంచ్ గొట్టంలో పట్టేవి కూడా వచ్చాయి. గొట్టం సన్నబడటం చిన్న విషయం కాదు. రోగుల కాళ్లు నిలిచేది దానివల్లే. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

బెలూన్‌ను ఎక్కడ ఉబ్బించాలో తేల్చడానికి బృహద్ధమనిని మూడు భాగాలుగా చూస్తాం. ఎడమ చేతికి వెళ్లే ధమని చీలిన చోటు నుంచి, జీర్ణాశయానికి, కాలేయానికి రక్తమిచ్చే సీలియాక్ ధమని దాకా జోన్ 1. అక్కడి నుంచి మూత్రపిండాల ధమనుల దాకా జోన్ 2. ఆ కింద, బృహద్ధమని రెండుగా చీలే దాకా జోన్ 3. కాలేయం, ప్లీహం, పేగుల నుంచి రక్తం పోతుంటే జోన్ 1. రక్తస్రావం కటి ఎముకల దగ్గరో, గజ్జలోనో మాత్రమే ఉంటే జోన్ 3. జోన్ 2లో ఉబ్బించం.

కాలువకు గండి పడితే పైన తూము మూసేస్తారు. గండి దగ్గర నీళ్లు ఆగుతాయి, కానీ దిగువనున్న ఆయకట్టు మొత్తం ఎండటం కూడా ఆ క్షణం నుంచే మొదలవుతుంది. జోన్ 1లో బెలూన్ ఉబ్బించినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. గుండెకు, మెదడుకు రక్తం నిండుగా అందుతుంది. పేగులు, కాలేయం, మూత్రపిండాలు, కాళ్లు, వెన్నుపాము దిగువ భాగం రక్తం లేకుండా పడి ఉంటాయి. అందుకే జోన్ 1లో 15 నిమిషాల్లో దించేయాలన్నది లక్ష్యం, 30 నిమిషాలు హద్దు. జోన్ 3లో పేగులకు, మూత్రపిండాలకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి గంట దాకా ఓర్చుకోవచ్చు. అంతకుమించి ఉంచాల్సి వస్తే దేనికైనా సిద్ధపడాలి.

ఇక చేసే విధానం. చాలామంది బెలూన్ ఉబ్బించడమే కీలకం అనుకుంటారు. అసలు కష్టం సూది గుచ్చడంలో ఉంది. పై బీపీ 60కి పడిపోయిన మనిషి గజ్జలో నాడి చేతికి అందదు, ధమని ముడుచుకుపోయి ఉంటుంది. రక్తం రంగు చూసి ధమనో సిరో తేల్చుకుందామంటే, షాక్‌లో ఉన్నవారి ధమని రక్తం కూడా నల్లగా, ఒత్తిడి లేకుండా వస్తుంది. అందుకే అల్ట్రాసౌండ్ లేకుండా ఈ పనికి దిగవద్దని నా గట్టి సలహా. తొడ ఎముక తల మీదుగా వెళ్లే ఉమ్మడి తొడ ధమనిలోనే గుచ్చాలి. అంతకంటే పైన గుచ్చితే రక్తం పొత్తికడుపు వెనక చేరి, మనమే కొత్త రక్తస్రావం తెచ్చిపెట్టినవాళ్లమవుతాం. కింద గుచ్చితే షీత్ సన్నని శాఖలో ఇరుక్కుని కాలికి రక్తం అందకుండా చేస్తుంది. గుచ్చాక చేసేదంతా 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ చూపిన దారే: సూది గుండా తీగ, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం. ప్రాణం పోసిన పరికరాలు ఎన్ని వచ్చినా వాటన్నిటికీ వాకిలి అదే.

క్యాథెటర్ ఎంత లోపలికి పోవాలో ముందే శరీరం మీద పెట్టి కొలుచుకుంటాం. ఎక్స్‌రేలో చోటు సరిచూసుకుని సెలైన్‌లో ఎక్స్‌రేకు కనిపించే కాంట్రాస్ట్ మందు కొంత కలిపి నింపుతాం. గాలి వాడకూడదు, బెలూన్ పగిలితే ఆ గాలి రక్తంలో కలుస్తుంది. 7 ఫ్రెంచ్ క్యాథెటర్‌లో జోన్ 1కి 8 మిల్లీలీటర్లతో, జోన్ 3కి 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, ఆపైన కొద్దికొద్దిగా. సిరంజి కింద వేలికి మెత్తగా ఎదురు తగులుతుంది. మానిటర్ మీద 60 ఉన్న అంకె 90 దాటుతుంది. అవతలి గజ్జలో చేయి పెట్టిన సహాయకుడు నాడి పోయిందని చెబుతాడు. అక్కడ ఆగాలి. బీపీ ఇంకా పెరిగితే బాగుండునని మరో రెండు మిల్లీలీటర్లు నింపే చేతులు కొన్ని ఉంటాయి. బెలూన్ పగలడం, బృహద్ధమని చీలడం జరిగేది అలాంటప్పుడే. చోటు కుదిరాక గొట్టాన్ని ఒకరు పట్టుకునే ఉండాలి. పెరిగిన ఒత్తిడి బెలూన్‌ను కిందికి నెడుతుంది. ఉబ్బించిన సమయాన్ని గట్టిగా పలికి, బోర్డు మీద రాయాలి.

ఛాతీలో రక్తస్రావం ఉందని అనుమానం ఉంటే బెలూన్ జోలికి పోవద్దు. గుండె చుట్టూ రక్తం చేరినా, బృహద్ధమని ఛాతీ భాగంలో చీలినా బెలూన్ పై ఒత్తిడిని పెంచి ఆ చిల్లులోంచి మరింత రక్తాన్ని తోస్తుంది. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చూడటం తప్పనిసరి. తలలో గాయం ఉన్నవారికీ ఈ పెరిగిన ఒత్తిడితో ముప్పు ఉంది.

బెలూన్ దించడం ఉబ్బించడం కంటే ప్రమాదకరం. ఇన్ని నిమిషాలూ రక్తం లేకుండా పడి ఉన్న కండరాల్లో, పేగుల్లో ఆమ్లం, పొటాషియం పోగవుతాయి. బెలూన్ ఒక్కసారిగా దించితే అవన్నీ గుండెకు చేరతాయి. ఖాళీగా ఉన్న దిగువ నాళాలు తెరుచుకుని బీపీ కుప్పకూలుతుంది. గుండె ఆగిపోవచ్చు కూడా. మత్తు డాక్టరుకు ముందే చెప్పి, రక్తం ఎక్కుతూ ఉండగా, కాల్షియం అందుబాటులో పెట్టుకుని, కొన్ని నిమిషాల పాటు కొంచెం కొంచెంగా దించాలి. ఈ దెబ్బను తగ్గించడానికే కొంత రక్తాన్ని కిందికి వదిలే పాక్షిక బెలూన్లు వచ్చాయి. అవి నాకు నచ్చాయి. కానీ వాటిని నడపడానికి పక్కనే ఒక అనుభవజ్ఞుడు చూపు తిప్పకుండా కూర్చోవాలి.

కాలి సంగతి. ముడుచుకుపోయిన ధమనిలో షీత్ ఉంటే దాని పక్క నుంచి రక్తం పోయే దారి ఇరుకవుతుంది, అక్కడ గడ్డ కడుతుంది. ప్రాణం దక్కి కాలు పోయినవారున్నారు. అవసరం తీరగానే షీత్ తీసేయాలి. తీశాక మొదటి రోజంతా గంటగంటకూ పాదంలో నాడి చూడాలి, చేతికి అందకపోతే రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్ పెట్టాలి. ఐసీయూ నర్సులకు ఈ ఒక్క పని అప్పగించడానికి నేను ఎంతసేపైనా వాళ్లతో మాట్లాడతాను. కాలు చల్లబడిందని మొదట గుర్తుపట్టేది వాళ్లే.

మరి ఇంత చేస్తే ప్రాణాలు నిలుస్తున్నాయా? ఈ ప్రశ్నకు అతి గట్టి జవాబు బ్రిటన్‌లో జరిగిన యూకే-రెబోవా పరీక్ష ఇచ్చింది (రెబోవా అంటే ఈ బృహద్ధమని బెలూన్ పద్ధతికే ఆంగ్ల పొట్టిపేరు). 16 పెద్ద ట్రామా కేంద్రాల్లో 90 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి మామూలు చికిత్స, మరో వర్గానికి దానితో పాటు బెలూన్. 2023లో ఫలితాలు వచ్చాయి. 90 రోజుల్లో బెలూన్ వర్గంలో 54 శాతం మంది, మామూలు చికిత్స వర్గంలో 42 శాతం మంది చనిపోయారు. హాని జరుగుతోందన్న సూచన కనబడి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఇది చిన్న పరీక్ష. బెలూన్ వర్గంలోకి వచ్చినవారిలో సగం మందికి కూడా బెలూన్ నిజంగా ఉబ్బించలేదు. వాటిని చూపించి కొందరు ఆ ఫలితాన్ని పక్కన పెడుతున్నారు. నేను పెట్టను. ఆ కేంద్రాలు మామూలు ఆసుపత్రులు కావు, శిక్షణ పొందిన జట్లు ఉన్నవి. అయినా బెలూన్ వర్గంలో రక్తస్రావాన్ని అసలుగా ఆపే ఆపరేషన్ మొదలవడానికి ఎక్కువ సమయం పట్టింది. గజ్జలో గొట్టం పెట్టడానికి తంటాలు పడుతున్నంతసేపూ రోగి సర్జన్ కత్తికి దూరంగానే ఉంటాడు. నాకు ఆ పరీక్ష చెప్పిన విషయం ఇదే, ఇక్కడే బెలూన్ అభిమానులతో నాకు పేచీ.

బెలూన్ మేలు చేస్తుందని నేను నమ్మే సందర్భాలు ఉన్నాయి. పగిలిన ఉదర బృహద్ధమని అనూరిజంలో (ధమని గోడ బలహీనపడి ఉబ్బిన చోటు), స్టెంట్ గ్రాఫ్ట్ వేయబోయే బల్ల మీదే, వేసే చేతులతోనే ఉబ్బించే బెలూన్ అద్భుతంగా పనిచేస్తుంది. అక్కడ పూర్తి మత్తు ఇస్తే కడుపు కండరాలు వదులై, అప్పటిదాకా అదిమి ఉంచిన రక్తం ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే గజ్జలో మాత్రమే మత్తు ఇచ్చి పని మొదలుపెడతాం. గర్భసంచి గోడలోకి మాయ చొచ్చుకుపోయిన గర్భిణులకు ముందుగా అనుకున్న ఆపరేషన్‌లో సిద్ధంగా పెట్టుకునే బెలూన్ కూడా ఇలాంటిదే. రెండు చోట్లా చికిత్స చేసేవారు అప్పటికే చేతులు కడుక్కుని నిలబడి ఉంటారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. చిల్లు దగ్గరికే వెళ్లి మూసే పద్ధతి ఎంబొలైజేషన్. 1972లో రోష్, డాటర్, బ్రౌన్ అనే వైద్యులు కడుపులో రక్తస్రావమవుతున్న రోగికి సొంత రక్తపు గడ్డతోనే ఆ ధమనిని మూసి చూపించారు. 1975లో జియాంటుర్కో లోహపు కాయిల్ తెచ్చారు. ఇప్పుడు వాడేవి ఎక్కువగా ప్లాటినం కాయిల్స్, వాటికి సన్నని పీచులు ఉంటాయి. కాయిల్ రక్తాన్ని తనంతట తాను ఆపదు. ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆ పీచుల చుట్టూ గడ్డ కట్టవలసింది రోగి రక్తమే. ఒళ్లు చల్లబడి, రక్తంలో ఆమ్లం పెరిగి, గడ్డకట్టే గుణం పోయిన మనిషికి ఎన్ని కాయిల్స్ వేసినా వాటి మధ్య నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. అప్పుడు జిగురు వాడతాం. ఎన్‌బీసీఏ అనే ఈ జిగురు రక్తం తగిలితే చాలు గట్టిపడుతుంది, రోగి గడ్డకట్టే గుణంతో దానికి పని లేదు. నూనెలాంటి లిపియోడాల్‌తో కలుపుతాం. నూనె వంతు పెంచితే నెమ్మదిగా, తగ్గిస్తే వెంటనే గట్టిపడుతుంది. క్యాథెటర్‌ను సెలైన్‌తో కాకుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి, లేకపోతే జిగురు గొట్టంలోనే బిగుసుకుంటుంది. వదిలిన వెంటనే గొట్టం లాగేయాలి, ఆలస్యమైతే అది ధమనికే అతుక్కుపోతుంది. చేయి తిరిగినవారు చేస్తే దీనికి మించిన మందు లేదు. నేర్చుకుంటున్నవారు మొదటిసారి అత్యవసర రోగి మీద ప్రయత్నించకూడదు.

ఏ అవయవం అన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ప్లీహంలో చాలా చోట్ల చీలికలు ఉంటే ప్రధాన ధమని మొదట్లోనే కాయిల్ లేదా వాస్క్యులర్ ప్లగ్ (నాళానికి బిరడాలాంటిది) పెడతాం. ఒత్తిడి పడిపోయి చీలికలు గడ్డకడతాయి. జీర్ణాశయం వైపు నుంచి వచ్చే చిన్న ధమనులు ప్లీహాన్ని బతికిస్తాయి. కాలేయానికి పోర్టల్ సిర నుంచి కూడా రక్తం అందుతుంది కాబట్టి దాని ధమనిని మూయడం చాలావరకు ఓర్చుకుంటుంది. మూత్రపిండం అలా కాదు. ఏ శాఖను మూస్తే ఆ ముక్క పోతుంది, అందుకే సన్నని మైక్రోక్యాథెటర్‌తో చిల్లుపడ్డ కొమ్మ దాకా వెళ్లాలి. పేగుల్లో మరీ చివరి కొనల దాకా చిన్న రేణువులు పంపితే పేగు కుళ్లుతుంది. ఆంత్రమూలం వెనక నడిచే గ్యాస్ట్రోడ్యుయోడినల్ ధమని నుంచి రక్తం పోతుంటే చిల్లుకు ముందు మాత్రమే మూసి సంతోషపడకూడదు. పేగుల ధమని వైపు నుంచి రక్తం ఎదురు తిరిగి వచ్చి అదే చిల్లులోంచి కారుతుంది. ముందు చిల్లుకు అవతల మూసి, వెనక్కి వస్తూ ఇవతల మూయాలి.

కటి ఎముకలు విరిగినప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ ఎక్కువ రక్తం సిరల నుంచి, విరిగిన ఎముక అంచుల నుంచి వస్తుంది. కటి బైండర్ (కటి ఎముకలను చుట్టి దగ్గరగా బిగించే పట్టీ) బిగించడం, కడుపు గోడ వెనక గాజుగుడ్డలు కుక్కడం దానికి చికిత్స. ధమని నుంచి పోతోందని సీటీలో కనిపిస్తే జిలాటిన్ స్పాంజి ముక్కలతో మూస్తాం. అది కొన్ని వారాల్లో కరిగిపోయి ధమని మళ్లీ తెరుచుకుంటుంది, వయసులో ఉన్నవారికి అదే మంచిది.

మూస్తే కుదరని నాళాలకు కవర్డ్ స్టెంట్. భుజానికి వెళ్లే ధమని, కటి నుంచి కాలికి వెళ్లే ధమని, బృహద్ధమని, గుండె ధమని చీలితే లోపల పొర ఉన్న స్టెంట్ వేసి చిల్లును కప్పి రక్తం నడిచే దారి నిలుపుతాం. యాంజియోప్లాస్టీ మధ్యలో గుండె ధమనికి చిల్లు పడితే ముందు అక్కడే బెలూన్ ఉబ్బించి ఆపి, కవర్డ్ స్టెంట్ తెప్పించే పద్ధతి కార్డియాలజిస్టులకు బాగా తెలిసినదే.

మరి కొనాలా? మీ స్థానంలో ఉంటే బెలూన్ కంటే ముందు వేరే ఖర్చులు పెట్టిస్తాను. అడిగిన 10 నిమిషాల్లో రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కలిపి పంపే ఏర్పాటు. రక్తం వేడి చేసి ఎక్కించే యంత్రం. ప్రతి స్ట్రెచర్ మీద కటి బైండర్. గాయమైన 3 గంటల్లోపు, కట్టిన గడ్డ కరగకుండా చూసే ట్రానెక్సమిక్ ఆమ్లం, 10 నిమిషాల్లో 1 గ్రాము, ఆపై 8 గంటల్లో మరో గ్రాము. 40 దేశాల్లో 20 వేలకు పైగా రోగులతో జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరీక్ష ఇది ప్రాణాలు నిలుపుతుందని చూపింది. 3 గంటలు దాటాక ఇస్తే హాని ఉందని కూడా అదే చూపింది. ఈ నాలుగింటికీ బెలూన్‌కు అయ్యేంత శిక్షణ అక్కర్లేదు.

అవన్నీ నడుస్తున్నాయనుకుంటే బెలూన్ గురించి ఒక్క పరీక్ష పెట్టుకోండి. రాత్రి 2 గంటలకు జోన్ 1లో బెలూన్ ఉబ్బిస్తే, 30 నిమిషాల్లోపు పొట్ట తెరవగల సర్జన్ ఎవరో, ఆపరేషన్ గది తలుపు ఎవరు తీస్తారో, ఆ నెల డ్యూటీ పట్టికలో పేర్లతో చూపించగలగాలి. చూపించగలిగితే కొనండి. లేకపోతే, బెలూన్ ఉబ్బించి అంబులెన్స్‌లో మరో ఊరికి పంపే ఆలోచన మాత్రం చేయవద్దు. హద్దు దాటిన బెలూన్‌తో చేరిన రోగికి అవతలి సర్జన్ చేయగలిగేది ఏమీ మిగలదు.

కొన్నా కొనకపోయినా ఒక అలవాటు ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ప్రమాద బాధితుడి పరిస్థితి అనుమానంగా ఉందనిపించిన వెంటనే, బీపీ ఇంకా నిలకడగా ఉండగానే, అల్ట్రాసౌండ్ పెట్టి గజ్జ ధమనిలో బీపీ చూసే సన్నని గొట్టం వేయడం. ధమని నిండుగా ఉన్నప్పుడు గుచ్చడం తేలిక. నిలకడగా ఉంటే అది బీపీ చూపుతూ ఉంటుంది. పడిపోతే దాని గుండానే తీగ వేసి పెద్ద షీత్ మార్చుకోవచ్చు, సర్జన్ వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంటుంది. మీ జూనియర్లకు నేర్పడానికి గజ్జ బొమ్మలు దొరుకుతాయి. అవి లేకపోతే, ముందుగా అనుకున్న యాంజియోగ్రామ్‌లకు గజ్జ నుంచి దారి తీసే రోజున వాళ్లను మీ కార్డియాలజిస్టుల దగ్గరికి పంపండి.